అప్‌గ్రేడ్ చేశాక పాతది ఎవరిది?

ముందే ఒక మాట. నేను లాయర్ని కాను. కంప్యూటర్ సైన్సులో ఎం.టెక్ చేసి, పదేళ్ళ పైనుంచి దుబాయిలో చిన్నా పెద్దా కంపెనీలకు సాఫ్ట్‌వేర్ సలహాలు అమ్ముకుంటున్నవాణ్ణి. కాబట్టి ఇందులో చట్టం గురించి రాసినది తీర్పులు చదువుకుని నాకు అర్థమైనంత మేరకు. న్యాయం గురించి రాసినది మాత్రం పూర్తిగా సొంత పైత్యం. దెబ్బలాడదలుచుకుంటే రెండోదాని మీద దెబ్బలాడండి.

విషయం అల్ ఖూజ్‌లో మొదలైంది. దుబాయి అనగానే మనవాళ్ళకి బుర్జ్ ఖలీఫా, బీచీలు గుర్తొస్తాయి గానీ, ఆ మెరుపుల వెనక చెక్క కోసేదీ, ఇనుము వంచేదీ, కారుకి డెంటింగు చేసేదీ అంతా ఇక్కడే. షేక్ జాయెద్ రోడ్డు దిగి లోపలికి వస్తే గోదాములు, గ్యారేజీలు, ప్రింటింగ్ ప్రెస్సులు, వడ్రంగి షెడ్లు, వాటి వెనక లేబర్ క్యాంపులు. కొన్ని గోదాముల్లో అల్‌సర్కాల్ అవెన్యూ పేరుతో ఆర్ట్ గ్యాలరీలు కూడా వెలిశాయి. ఒక వీధిలో చెక్కపొట్టు, పక్క వీధిలో పెయింటింగు చూస్తూ తల ఊపే జనం. నా పని చెక్కపొట్టు వైపు.

అక్కడ ఒక వుడ్‌వర్క్ షాపు నా క్లయింటు. హోటళ్ళకీ, విల్లాలకీ తలుపులు, వార్డ్‌రోబులు, కిచెన్లు చేస్తారు. మూడు కంప్యూటర్ల మీద ముగ్గురు డ్రాఫ్ట్స్‌మెన్ ఉండేవాళ్ళు. అందులో ఒకాయనది జగిత్యాల. ఆయన్ని నేను జగిత్యాల అన్న అనే అంటాను, ఇక్కడా అలాగే రాస్తాను. ఇరవయ్యేళ్ళ కింద వడ్రంగి హెల్పర్‌గా వచ్చి, రంపం పట్టి, ఆ తరవాత డ్రాయింగులు చదవడం నేర్చి, చివరికి కంప్యూటర్ మీద డ్రాయింగులు గీసే స్థాయికి వచ్చిన మనిషి. చదివింది పదో తరగతి. కీబోర్డు మీద ఆయన ఎడమ చెయ్యి తిరగడం చూస్తే నా ఎం.టెక్ మీద నాకే జాలేస్తుంది.

2023లో వాళ్ళ డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్ మూడు సీట్లనీ అప్‌గ్రేడ్ చేయించాను. సాఫ్ట్‌వేర్ పేరు చెప్పను, అనవసరం. ఇంకా ఒకసారి డబ్బు కట్టి కొనుక్కునే లైసెన్సులు అమ్ముతున్న కొద్దిమందిలో వాళ్ళొకరు. కొత్త లైసెన్సు ధరలో దాదాపు మూడో వంతుకే అప్‌గ్రేడ్ వచ్చింది. దానికి బదులుగా ఒక ఫారం నింపాలి. పాత వెర్షన్ కాపీలు మూడూ తీసేశాము, ఇక వాడము అని. అర్బాబ్ తరఫున ఆ ఫారం నింపింది నేను. సంతకం కూడా నాదే.

నిజానికి తీసేసింది రెండే. మూడోది స్టోరు పక్కన మూలనున్న పాత టవర్ కంప్యూటర్‌లో ఉండిపోయింది. పాత ఫైళ్ళు ఎప్పుడైనా తెరవాల్సొస్తే పనికొస్తుందిలే అనుకున్నాను. ఈ "పనికొస్తుందిలే" అనే జబ్బు మనవాళ్ళందరికీ ఉన్నదే. ఖాళీ హార్లిక్స్ సీసా దగ్గర మొదలవుతుంది.

మొన్న ఆర్డర్లు తగ్గాయి. అర్బాబ్ ముగ్గురిలో ఒకరిని తగ్గించాడు. అన్న వీసా క్యాన్సిల్ అయింది, గ్రాట్యుటీ లెక్క కట్టి ఇచ్చారు. అర్బాబ్ మంచివాడే. పోతూ పోతూ ఉత్త చేతులతో ఎందుకని ఆ టవర్ కంప్యూటర్ కూడా ఇచ్చేశాడు. ఊళ్ళో మాడ్యులర్ కిచెన్లు చేసేవాళ్ళకి డ్రాయింగులు గీసి బతకాలని అన్న ఆలోచన. ఆదివారం పూట కఫెటేరియా బయట కరక్ చాయ్ తాగుతూ అడిగాడు.

"తమ్మీ, గా కంప్యూటర్ కార్గోల ఏస్తున్న. అండ్ల సాఫ్ట్‌వేర్ గట్లనే ఉన్నది గదా. ఇంటికాడ నడుస్తదా?"

"నడుస్తుందన్నా. పాత వెర్షన్ కదా, ఇంటర్నెట్ కూడా అడగదు" అన్నాను. ఆ మాట నోట్లోంచి వచ్చేశాక గానీ ఫారం గుర్తుకు రాలేదు. అప్పుడు నసిగాను. "నడవడం నడుస్తుంది కానీ.. అది వాడకూడదన్నా."

"ఎందుకు? అర్బాబ్ పైసలు కట్టే కొన్నడు గదా. ఒక్కసారి గాదు, రెండుసార్లు కట్టిండు. దొంగది గాదు గదా?"

జవాబు చెప్పడానికి నాకు రెండు వారాలు పట్టింది. ఆ రెండు వారాల చదువే ఇది.

చిన్నప్పుడు మా తెనాలిలో మధ్యాహ్నం పూట తట్ట నెత్తిన పెట్టుకుని ఒకావిడ వచ్చేది. పాత చీరలకి స్టీలు గిన్నెలిచ్చేది. మా అమ్మ రెండు జరీ చీరలూ, నాన్న ప్యాంటూ పడేస్తే, ఒక గిన్నె చూపించి, ఇంకో చీర వేస్తే గానీ కుదరదనేది. గంటసేపు బేరం. చివరికి గిన్నె మా ఇంట్లోకి, చీరలు ఆవిడ తట్టలోకి. అప్‌గ్రేడ్ లైసెన్సు సరిగ్గా ఈ బేరమే. పాతదానికి కొంత విలువ కట్టి, కొత్తదాని ధరలో అంత తగ్గిస్తారు. ఒక్కటే తేడా. సాఫ్ట్‌వేర్ కంపెనీ చీరలు తట్టలో వేసుకుపోదు. గిన్నె ఇచ్చి, "ఆ చీరలు మీ బీరువాలోనే ఉండనివ్వండి, కట్టుకోకండి చాలు" అని పోతుంది. పండగొస్తుంది. బీరువా తలుపు తీస్తాం. జరీ మెరుస్తూ ఉంటుంది.

అలా చూస్తే అన్న ప్రశ్నకి జవాబు తేలికే. అర్బాబ్ రెండుసార్లు కట్టలేదు. ఒకటిం చిల్లర సార్లు కట్టాడు. ఆ తగ్గిన డబ్బు పాత కాపీ ఖరీదు. ఆ ఖరీదు పుచ్చుకుని పాత కాపీని ఇంకొకరికి దానం చేస్తే, అమ్మేసిన చీరని కూతురికి పెట్టినట్టు. దానం చేసినవాడికి పుణ్యం, తట్ట ఆవిడకి నష్టం.

నేనేదో సత్యహరిశ్చంద్రుణ్ణని కాదు. 2007 జనవరి 30న విండోస్ విస్టా బజార్లోకి వచ్చినప్పుడు నేను బి.టెక్ హాస్టల్లో ఉన్నాను. మా సీనియర్‌కి వాళ్ళన్నయ్య అమెరికా నుంచి విస్టా అప్‌గ్రేడ్ డబ్బా పంపాడు. అప్‌గ్రేడ్ కాబట్టి చవక. మరి కింద ఉండాల్సిన అసలు విండోస్? సికింద్రాబాదులో అసెంబుల్ చేయించిన కంప్యూటర్‌కి అసలు విండోసా, నవ్వకండి. పూర్వం విండోస్ 95 రోజుల్లో అప్‌గ్రేడ్ డిస్కు అయితే పాత విండోస్ డిస్కు పెట్టి చూపించమనేది. విస్టాలో అది తీసేసి, కంప్యూటర్‌లో ముందే ఒక విండోస్ ఉందా అని చూడటం మొదలెట్టారు. దాంతో లోకమంతా ఒక కిటుకు పాకింది. డిస్కు పెట్టి, కీ అడిగినప్పుడు ఇవ్వకుండా విస్టాని ముప్పై రోజుల ట్రయల్‌గా ఎక్కించడం. ఆ తరవాత ఆ విస్టా లోంచే మళ్ళీ సెటప్ నడిపి, విస్టాని విస్టా మీదకే అప్‌గ్రేడ్ చేసి, అప్పుడు కీ ఇవ్వడం. తనకి తనే తాతయ్య అయినట్టు! అర్ధరాత్రి రెండింటికి యాక్టివేట్ అయితే హాస్టలంతా ఈలలు.

ఆ రోజు మేం చేసిన తప్పు, తాళం తెరుచుకుంది కాబట్టి ఇల్లు మనదే అనుకోవడం. కీ పనిచెయ్యడం వేరు, హక్కు ఉండటం వేరు. అదే కిటుకుని, అసలు ఎక్స్‌పీ కొనుక్కున్నవాడు హార్డ్ డిస్క్ పాడై కొత్తగా ఎక్కించుకోడానికి వాడితే నా లెక్కలో తప్పేమీ లేదు. వాడు చీర ఇచ్చాడు, గిన్నె తెచ్చుకున్నాడు. మేం చీర ఇవ్వకుండా గిన్నె తెచ్చుకున్నాం. రెండు చోట్లా మౌస్ క్లిక్కులు అవే.

ఇక్కడిదాకా నేను కంపెనీల పక్షమే. మరి పేచీ ఎక్కడంటే, ఇదే బేరం అమెరికా కోర్టుకెక్కిన చోట.

అక్కడ ఒక ఆర్కిటెక్టుల సంస్థ దగ్గర ఆటోక్యాడ్ రిలీజ్ 14 పెట్టెలు పది ఉండేవి. 2000లో వాళ్ళు ఆటోక్యాడ్ 2000కి అప్‌గ్రేడ్ అయ్యారు. కొత్త లైసెన్సు 3,750 డాలర్లు, అప్‌గ్రేడ్ అయితే 495 డాలర్లు. అంటే ఒక్కో సీటుకి 3,255 డాలర్లు మిగిలాయి. బదులుగా పాత కాపీలని అరవై రోజుల్లో నాశనం చెయ్యాలని ఒప్పందంలో ఉంది. చెయ్యలేదు. (పనికొస్తాయిలే అనుకుని ఉంటారు.) 2007లో ఆఫీసు సామాన్లు అమ్ముతూ నాలుగు పెట్టెల్ని, చేత్తో రాసిన యాక్టివేషన్ కోడ్‌లతో సహా, టిమొథీ వెర్నర్ అనే ఆయనకి అమ్మేశారు. ఈబేలో పాత సామాన్లు అమ్ముకునే మనిషి ఆయన. ఈబేలో పెట్టగానే ఆటోడెస్క్ ఫిర్యాదు చేసింది, ఆయన ఖాతా ఆగిపోయింది, ఆయన కోర్టుకెళ్ళాడు. కొన్న పుస్తకాన్ని మళ్ళీ అమ్ముకోవచ్చు కదా, ఇదీ అంతే అన్నది ఆయన వాదన. 2008లో జిల్లా కోర్టు ఆయనవైపు మొగ్గింది. 2010 సెప్టెంబరులో తొమ్మిదో సర్క్యూట్ అప్పీలు కోర్టు అది తిరగ్గొట్టింది. 2011లో సుప్రీంకోర్టు వినడానికి ఒప్పుకోలేదు. కథ ముగిసింది.

ఇందులో నాకు నచ్చనిది ఫలితం కాదు, దానికి చెప్పిన కారణం. నా బుర్రకి తోచిన కారణం ఒక్కటే. ఆ ఆర్కిటెక్టులు పెట్టెకి 3,255 డాలర్ల తగ్గింపు తీసుకుని, దానికి బదులిచ్చిన మాట తప్పారు. అక్కడ ఆగితే నాబోటివాడికి కూడా అర్థమవుతుంది. కోర్టు అక్కడ ఆగలేదు. కంపెనీ తన కాగితంలో "ఇది లైసెన్సు" అని రాసి, చేతులు మారకూడదని గట్టిగా ఆంక్షలు పెట్టి, వాడకం మీద కూడా చెప్పుకోదగ్గ షరతులు పెడితే, కొన్నవాడు అసలు ఎప్పుడూ యజమాని కాడు అంది. అంటే అప్‌గ్రేడ్ సంగతి ఎలా ఉన్నా, పూర్తి ధర 3,750 డాలర్లు కట్టి, ఏ తగ్గింపూ తీసుకోనివాడు కూడా ఆ పెట్టెని అమ్ముకోలేడు. తట్ట ఆవిడ ఒక చీర గొడవలో నెగ్గి, ఊళ్ళో బీరువాలన్నీ తనవే అనిపించుకున్నట్టుంది.

ఇప్పుడు మన ఊరి సంగతి చూడండి. ఇది చదివినప్పుడు నాకు నిజంగా నవ్వొచ్చింది. సాఫ్ట్‌వేర్ సరుకా కాదా అన్న గొడవలో మన దేశంలో మొదటి పెద్ద తీర్పు వచ్చింది ఆంధ్రప్రదేశ్ కేసులోనే. రెడీమేడ్ సాఫ్ట్‌వేర్ ప్యాకేజీల అమ్మకాల మీద రాష్ట్రం అమ్మకపు పన్ను అడిగింది. టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ వాళ్ళు, ఇది మేధస్సు, చేత్తో పట్టుకునే సరుకు కాదు, పన్నెలా వేస్తారన్నారు. 2004 నవంబరులో సుప్రీంకోర్టు అయిదుగురు జడ్జీల బెంచి తేల్చింది. ఆలోచన ఆలోచనగా ఉన్నంతసేపూ సరే, డిస్కులోకి ఎక్కించి బజార్లో అమ్మకానికి పెట్టాక అది పుస్తకం లాగా, పాటల క్యాసెట్టు లాగా సరుకే. పన్ను కట్టండి.

బావుంది. 2021 మార్చిలో మళ్ళీ సుప్రీంకోర్టే, ఇంజినీరింగ్ ఎనాలిసిస్ సెంటర్ కేసులో, విదేశీ కంపెనీల సాఫ్ట్‌వేర్‌కి మనవాళ్ళు కట్టే డబ్బు రాయల్టీయా, సరుకు ఖరీదా అన్నది చూసింది. రాయల్టీ అయితే ఇక్కడ ఆదాయపు పన్ను కోత పెట్టాలి. ఇప్పుడు వాదనలు తారుమారు. పన్నువాళ్ళు ఇది హక్కుల లైసెన్సు అంటారు, సాఫ్ట్‌వేర్ వ్యాపారులు కాదు కాదు మేం అమ్మింది సరుకే అంటారు. కోర్టు వ్యాపారుల వైపే తీర్పిచ్చింది. ఆ తీర్పులోనే కాపీరైట్ చట్టానికి 1999లో చేసిన ఒక సవరణ ప్రస్తావన కూడా ఉంది. అంతకు ముందు సాఫ్ట్‌వేర్ కాపీని అమ్మే హక్కు, ఆ కాపీ ఒకసారి అమ్ముడైనా సరే, రచయితదే అన్నట్టుండేది. 1999లో ఆ "అమ్ముడైనా సరే" అన్న ముక్క తీసేశారు.

అంటే పన్ను దగ్గరకొస్తే మా సాఫ్ట్‌వేర్ జాతి మొత్తానికీ అది సరుకు. కొన్నవాడు మళ్ళీ అమ్ముకుంటానంటే మాత్రం లైసెన్సు. పెళ్ళిచూపుల్లో జీతం ఒకటి, ఇన్‌కంటాక్స్ ఫారంలో జీతం ఇంకొకటి చెప్పినట్టు.

ఈ విషయంలో నాకు నచ్చినది ఐరోపా వాళ్ళ తీర్పు. 2012 జులై 3న యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం యూజ్డ్‌సాఫ్ట్, ఒరాకిల్ కేసులో చెప్పింది. డబ్బు తీసుకుని కాలపరిమితి లేకుండా వాడుకునే హక్కు ఇచ్చారంటే, కాగితంలో ఏ పేరు పెట్టుకున్నా అది అమ్మకమే. డిస్కులో ఇచ్చినా, డౌన్‌లోడ్ ఇచ్చినా ఒకటే. కొన్నవాడు మళ్ళీ అమ్ముకోవచ్చు. కానీ అమ్మేటప్పుడు తన దగ్గరున్న కాపీని పనికిరాకుండా చెయ్యాలి. అంతేకాదు, ఇరవైఅయిదుగురి లైసెన్సు కొని అందులో పదిమందివి విడగొట్టి అమ్మడం కుదరదు. ఇది చదివినప్పుడు మా అమ్మ గుర్తొచ్చింది. చీర ఇస్తే ఇచ్చెయ్, ఉంచుకుంటే ఉంచుకో.

ఇక ఇక్కడ ఎమిరేట్స్‌లో 2002 నాటి కాపీరైట్ చట్టం పోయి 2021లో కొత్త ఫెడరల్ డిక్రీ చట్టం వచ్చింది, 38వ నంబరు. రెండిట్లోనూ సాఫ్ట్‌వేర్‌కి పుస్తకంతో సమానంగా రక్షణ ఉంది. కానీ అన్న కంప్యూటర్ కార్గోలో జగిత్యాల పోతోంది కాబట్టి మన చట్టమే ముఖ్యం. మన కాపీరైట్ చట్టంలో 63బి అని ఒక సెక్షనుంది. దొంగ కాపీ అని తెలిసి కంప్యూటర్‌లో వాడితే ఏడు రోజుల నుంచి మూడేళ్ళ దాకా జైలు, యాభై వేల నుంచి రెండు లక్షల దాకా జరిమానా. అన్న దగ్గరున్నది దొంగ కాపీయేనా? పుట్టుకలో అసలుదే. డబ్బు కట్టి కొన్నదే. ఆ తరవాత మాట తప్పడం వల్ల చెడింది. కోర్టులో ఇటూ అటూ వాదించుకోవచ్చు. కానీ వాదించుకోవాల్సింది నేను కాదు, జగిత్యాలలో ఉన్న ఆయన. పైగా సంతకం నాది.

ఇంతకీ నాకో ఉపాయం తోచింది. అర్బాబ్ దగ్గర మూడు కొత్త లైసెన్సులున్నాయి, గీసేవాళ్ళు ఇద్దరే మిగిలారు. మూడోది ఖాళీ. పాతది కాదు, ఆ కొత్త లైసెన్సునే అన్న పేరుకి మార్చేస్తే? ఎవరికీ నష్టం లేదు. ముగ్గురి డబ్బు కట్టారు, ముగ్గురే వాడతారు. అర్బాబ్‌ని అడిగితే తీసుకుపొమ్మన్నాడు. రీసెల్లర్‌కి ఈమెయిల్ రాశాను. రెండు లైన్ల జవాబొచ్చింది. లైసెన్సు ఆ కంపెనీకే, ఆ దేశానికే. మార్చడం కుదరదు. భారతదేశంలో కావాలంటే అక్కడి రీసెల్లర్ దగ్గర కొత్తది కొనుక్కోవాలి.

నా కోపమంతా ఇక్కడే. పాత కాపీ వాడకూడదన్నారు, ఒప్పుకున్నాను. డబ్బు తీసుకున్నాం కాబట్టి. మరి డబ్బు పూర్తిగా చెల్లించిన మూడో సీటు ఎందుకు కదలదు? గిన్నె ఇచ్చేటప్పుడు తట్ట ఆవిడ, "ఈ గిన్నెలో మీరే తినాలి, తెనాలిలోనే తినాలి, కోడలికిస్తే ఊరుకోను" అనలేదే! కంపెనీ న్యాయం సగం దూరం నడిచి ఆగిపోతుంది. మనం మాట తప్పితే అది అమ్మకపు ధర్మం గుర్తుచేస్తుంది. మనం అమ్మకపు హక్కు అడిగితే అసలు అమ్మనే లేదంటుంది.

పైగా ఈ అప్‌గ్రేడ్ బేరం కూడా ఎక్కువమంది ఎత్తేశారు. అడోబీ 2011 చివర్లో, సీఎస్6కి అప్‌గ్రేడ్ ధర కావాలంటే చేతిలో సీఎస్5 ఉండాలంది. అంతకు పాతవాళ్ళు పూర్తి ధర కట్టాల్సిందే. జనం గోల పెడితే సీఎస్3, సీఎస్4 వాళ్ళకి 2012 డిసెంబరు దాకా గడువిచ్చారు. 2013 మే నెలలో కథ మారింది. ఇక కొత్త క్రియేటివ్ సూట్‌లు రావు, చందా కట్టండి అన్నారు. ఆటోడెస్క్ 2015 ఫిబ్రవరి నుంచి అప్‌గ్రేడ్‌లు అమ్మడం ఆపేసి, 2016లో శాశ్వత లైసెన్సులు కొత్తగా అమ్మడం కూడా ఆపేసింది. ఏళ్ళ తరబడి, పాతది పెట్టుకోండి, దానికి మా దగ్గర విలువ ఉంటుందని అలవాటు చేసి, ఒకరోజు తట్ట ఎత్తుకుని వేరే వీధికి వెళ్ళిపోయారు. అది వాళ్ళ వ్యాపారం, వాళ్ళ ఇష్టం. కానీ తమ దగ్గర విలువ లేదన్న పాత కాపీని బయట కూడా అమ్ముకోనివ్వకపోవడం ఏమిటి?

న్యాయంగా చేసేవాళ్ళు లేకపోలేదు. మన ట్యాలీ చూడండి. గల్ఫ్‌లో మనవాళ్ళ షాపుల్లో అది లేనిచోటు అరుదు. లైసెన్సు ఒకసారి కొనాలి, కొత్త వెర్షన్లు కావాలంటే ఏటేటా చందా కట్టుకోవాలి. చందా ఆపేస్తే కొత్తవి రావు గానీ, చేతిలో ఉన్న వెర్షన్ చేతిలోనే ఉంటుంది. దాంతో ఎన్నేళ్ళయినా లెక్కలు రాసుకోవచ్చు. నేను క్లయింట్లకి చెప్పేదీ ఇదే రకం.

"పేదవాడు, పొట్టకూటికి వాడుకుంటాడు, పెద్ద కంపెనీకి ఏం పోయింది" అనేవాళ్ళున్నారు. నా రూమ్మేట్ కూడా అదే అన్నాడు. నిజమే, పెద్ద కంపెనీకి ఏం పోదు. కానీ సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ళంతా పెద్ద కంపెనీలు కారు. నేను కూడా మూడేళ్ళ కింద ఒక చిన్న స్టాక్ లెక్కల ప్రోగ్రాం రాసి, అల్ ఖూజ్‌లోనే నాలుగు షాపులకి అమ్మాను. ఏడో షాపులో అది నడుస్తుంటే చూసినప్పుడు నాకు పేదవాళ్ళ మీద ఇంత దయ కలగలేదు మరి.

చివరికి ఏం చేశానంటే, ఒక శనివారం రాత్రి ఆ షాపుకి వెళ్ళి, టవర్ కంప్యూటర్‌లో ఆ సాఫ్ట్‌వేర్ తీసేసి, డిస్కు శుభ్రంగా తుడిచేశాను. లిబ్రేక్యాడ్ ఎక్కించాను, ఉచితం, గొడవ లేదు. అన్న పక్కనే స్టూలు మీద కూర్చుని చూశాడు. ఏమీ అనలేదు. మూడు సాయంత్రాలు కూర్చుని నేర్పాను. "మంచిగనే ఉన్నది తమ్మీ, కని చెయ్యి తిరుగుతలేదు" అన్నాడు. ఇరవయ్యేళ్ళ రంపం చెయ్యిని కంప్యూటర్‌కి అలవాటు చేసుకోడానికే ఆయనకి ఎన్నేళ్ళు పట్టిందో నాకు తెలుసు.

తుడిచింది ధర్మం కోసమేనా అని ఎవరైనా అడిగితే అవునని గట్టిగా చెప్పలేను. ఆ ఫారం మీద సంతకం నాది కాకపోతే, కార్గో డబ్బాకి టేపు అంటించడంలో సాయం చేసి ఊరుకునేవాణ్ణేమో. 2023లోనే మూడూ తుడిచి ఉంటే ఈ ప్రశ్నే పుట్టేది కాదు, అన్న ఆశ పడేవాడూ కాదు. తప్పు నేను చేసి, దాని శుభ్రత ఆయన బతుకు మీద చేశాను.

రెండు నెలల తరవాత జగిత్యాల నుంచి ఫోనొచ్చింది. బాగోగులయ్యాక చెప్పాడు. "కంప్యూటర్ షాపు పోరడు అయిదు వందలకు ఎక్కించిండు తమ్మీ. నువ్వు తుడిచినదానికన్నా కొత్తది." పని దొరుకుతోందట. నెలకి మూడు నాలుగు కిచెన్లు. పాతది ఉంచి ఉంటే కోర్టులో వాదించుకోడానికి ఏదో ఒకటి మిగిలేది. అయిదు వందల దానికి వాదనే లేదు. ఆ మాట ఫోన్లో అనబోయి, పిల్లలెలా ఉన్నారని అడిగాను.

మొన్న వారం ఆ సాఫ్ట్‌వేర్ కంపెనీకి ఒక ఈమెయిల్ రాశాను. 2023 ఫారంలో ఒక కంప్యూటర్ విషయం తప్పు రాశాను, ఆ కాపీ అప్పుడు తీసెయ్యలేదు, ఇప్పుడు తీసేశాను, మీ రికార్డు సరిచేసుకోండి అని. పనిలో పనిగా, ఖాళీగా ఉన్న మూడో సీటు సంగతి కూడా మళ్ళీ అడిగాను. నాలుగు రోజులకి జవాబొచ్చింది. రికార్డు గురించీ లేదు, సీటు గురించీ లేదు. చందాకి మారితే మొదటి ఏడాది తగ్గింపు ఇస్తారట.